స్వామి జ్ఞానానంద

స్వామి జ్ఞానానంద (డిసెంబరు 5, 1896 - సెప్టెంబరు 21, 1969) యోగి మరియు అణుభౌతిక శాస్త్రవేత్త. ఈయన అసలు పేరు భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. సన్యాసిగా జర్మనీ వెళ్ళి, అక్కడ భౌతికశాస్త్రం వైపు ఆకర్షితుడై, బీటా కిరణాల శక్తిని కొలిచే పరిశోధనలో నిమగ్నుడయ్యాడు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అణుభౌతిక శాస్త్ర విభాగాన్ని తీర్చిదిద్దిన ఘనత ఈయనది.

బాల్యం, సన్యాసం

జ్ఞానానంద ప్రస్తుత పశ్చిమ గోదావరి జిల్లాలో, భీమవరానికి సమీపంలోని గొరగనమూడి గ్రామంలో జన్మించాడు. తండ్రి భూపతిరాజు రామరాజు వేదవాఙ్మయంలో పండితుడు. ఇంట్లోని ఆ వాతావరణం వలన చిన్ననాటి నుండే ఈయనకు ఆధ్యాత్మిక చింతన అలవడింది. నరసాపురంలోని టేలర్ ఉన్నత పాఠశాలలో చదువుకున్నాడు. యౌవనంలోనే ఇల్లు విడిచి హిమాలయాలకు వెళ్ళి, అనేక సంవత్సరాలు యోగసాధన చేశాడు.

ఐరోపాలో విద్య

1927లో జర్మనీ చేరిన నాటికి ఈయన వయస్సు ముప్పై సంవత్సరాలు. డ్రెస్డెన్ నగరంలో యోగశాస్త్రంపై ఉపన్యాసాలిచ్చాడు. అదే నగరంలో ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఈయనను ఆకర్షించింది. ఆ సిద్ధాంతాన్ని అర్థం చేసుకోవాలంటే గణితం, భౌతికశాస్త్రం మొదటి నుండి నేర్చుకోవాలి. కాషాయం ధరించిన స్వామి తిరిగి విద్యార్థి అయ్యాడు. తరువాత ప్రేగ్ నగరంలోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్-కిరణాల వర్ణపటాలను అతి సూక్ష్మంగా కొలిచే పరిశోధన చేసి డాక్టరేటు పొందాడు.

ఐరోపాను యుద్ధమేఘాలు కమ్ముకున్న కాలంలో ఈయన ఇంగ్లండు చేరాడు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో, 1932లో న్యూట్రానును కనుగొన్న జేమ్స్ చాడ్విక్ వద్ద బీటా కిరణాల వర్ణపటాలపై పనిచేసి పిహెచ్.డి. పట్టం అందుకున్నాడు. అనంతరం అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయంలో రేడియోధార్మిక ఐసోటోపులపై పరిశోధన కొనసాగించాడు.

పరిశోధన స్వరూపం

రేడియోధార్మిక పరమాణువు విచ్ఛిన్నమైనప్పుడు కొన్ని సందర్భాలలో కేంద్రకం నుండి ఒక ఎలక్ట్రాను వేగంగా వెలువడుతుంది. దీనినే బీటా కణం అంటారు. అయస్కాంత క్షేత్రంలో ఈ కణం వంపు తిరుగుతుంది. వేగం ఎక్కువైన కొద్దీ వంపు తగ్గుతుంది. కనుక వంపును కొలిచి కణం శక్తిని లెక్కకట్టవచ్చు. అయితే పరికరంలో గాలి ఉంటే కణాలు దాని అణువులను ఢీకొని దారి తప్పుతాయి, లెక్క తప్పవుతుంది. అందువలన లోపలి గాలిని దాదాపు పూర్తిగా తొలగించాలి. ఈ అవసరమే జ్ఞానానందను శూన్య సాంకేతికతలోనూ నిపుణుణ్ణి చేసింది. అధిక శూన్యాన్ని సృష్టించే, కొలిచే పద్ధతులపై ఈయన ఆంగ్లంలో రచించిన 'హై వాక్యువా' గ్రంథం 1947లో అమెరికాలో ప్రచురితమైంది.

స్వదేశాగమనం

1947లో భారతదేశానికి తిరిగివచ్చి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో సీనియర్ శాస్త్రాధికారిగా పనిచేశాడు. 1954లో, వి.ఎస్.కృష్ణ ఉపకులపతిగా ఉన్న కాలంలో, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరాడు. అప్పటికి ఈయనకు యాభై ఏడేళ్ళు. చాలామంది విశ్రాంతి గురించి ఆలోచించే వయస్సులో ఈయన కొత్త ప్రయోగశాల నిర్మాణానికి పూనుకున్నాడు. 1956లో అణుభౌతిక శాస్త్రం ప్రత్యేక విభాగంగా ఏర్పడింది. దీని వలన తెలుగు విద్యార్థులకు కేంద్రక వర్ణపటమాపనంలో తమ ప్రాంతంలోనే శిక్షణ పొందే అవకాశం కలిగింది. 1965 వరకు ఈయన అక్కడ పనిచేశాడు.

ఆ దశాబ్దంలో ఈ విద్యకు ప్రయోగశాల గోడల వెలుపల కూడా ప్రాధాన్యం పెరిగింది. అగ్రరాజ్యాలు వాతావరణంలో జరిపిన అణుపరీక్షల ధూళి ప్రపంచమంతటా నేలపై పడింది. అందులోని స్ట్రాన్షియం-90 గడ్డి ద్వారా పశువులకు, పాల ద్వారా మనుషులకు చేరి, కాల్షియంను పోలిన గుణం వలన ఎముకలలో నిలుస్తుంది. ఇది బీటా కణాలను వెలువరిస్తుంది. రంగు, రుచి, వాసన లేని ఈ పదార్థాన్ని పరికరం మాత్రమే పట్టివ్వగలదు. 1963లో వాతావరణంలో అణుపరీక్షలను నిషేధించే ఒడంబడిక కుదరడానికి ఇటువంటి కొలతలు కలిగించిన ఆందోళన ఒక కారణం.

తెలుగునాట రేడియోధార్మికత

రేడియోధార్మికత అంతా మానవ నిర్మితం కాదు. భీమునిపట్నం తీరపు ఇసుకలో లభించే మోనజైట్ ఖనిజంలో థోరియం ఉంది. పల్నాడు ప్రాంతంలో మాచర్ల సమీపాన కొప్పునూరు వద్ద భూగర్భ శిలలలో యురేనియం నిక్షేపాన్ని అణు ఖనిజ సంచాలనాలయం గుర్తించింది. యురేనియం క్రమంగా క్షీణించే వరుసలో రేడాన్ వాయువు పుడుతుంది. అది బావినీటిలో కరిగి గాని, ఇళ్ళలోని గాలిలో కలిసి గాని మనిషిని చేరవచ్చు.

బియ్యం, పప్పులు, అరటిపండు వంటి ఆహారంలో ఉండే పొటాషియంలో కొద్ది భాగం రేడియోధార్మిక పొటాషియం-40. డెబ్భై కిలోల మనిషి శరీరంలో దీని వలన సెకనుకు సుమారు 4,000 పరమాణువులు విచ్ఛిన్నమవుతుంటాయి. ఇది సహజం. అందువలన ఒక ఊరి నీటిలోనో పంటలోనో రేడియోధార్మికత ఉందని చెప్పడం మాత్రమే చాలదు. ఏ పదార్థం నుండి, ఎంత, సహజ స్థాయికంటే ఎంత ఎక్కువ అన్నది తేలాలి. వెలువడే కణాల, కిరణాల శక్తిని వేరుచేసి చూపే వర్ణపటమాపనం దీనికి ఆధారం. అకారణ భయానికీ అజాగ్రత్తకూ మధ్య సరిహద్దు గీసేది ఈ కొలతే.

మరణం, స్మృతి

జ్ఞానానంద 1969 సెప్టెంబరు 21న, 72 సంవత్సరాల వయస్సులో మరణించాడు. విశ్వవిద్యాలయంలో ఈయన నెలకొల్పిన పరిశోధనశాలలకు 'స్వామి జ్ఞానానంద అణు పరిశోధన ప్రయోగశాలలు' అని ఈయన పేరు పెట్టారు. శాస్త్రవేత్త అయిన తరువాత కూడా ఈయన సన్యాసాన్ని విడువలేదు. అందువలననే శాస్త్రగ్రంథంపైనా, ప్రయోగశాలపైనా పుట్టినప్పటి పేరు కాక సన్యాసనామమే నిలిచింది.