గ్రంథాలయదాత జేమ్స్ లోగన్

అమెరికాలో పెన్సిల్వేనియా ఇంగ్లండు వలసరాజ్యంగా ఉన్న కాలంలో జేమ్స్ లోగన్ అగ్రగణ్యుడైన విద్యావేత్త, వర్తకుడు, రాజ్యాధికారి. ఆయన 1674లో ఐర్లండులోని లర్గన్ పట్టణంలో ఒక క్వేకరు కుటుంబంలో జన్మించాడు. ఉపాధ్యాయుడైన తండ్రివద్దనే లాటిన్, గ్రీకు భాషలు అభ్యసించి, ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో తానూ కొంతకాలం పాఠాలు చెప్పాడు.

1699లో విలియం పెన్ కార్యదర్శిగా అమెరికా చేరాడు. అక్కడి మూలవాసులతో జంతుచర్మాల వర్తకం సాగించి సంపన్నుడయ్యాడు. 1722లో ఫిలడెల్ఫియా మేయరుగా, 1731లో ప్రధాన న్యాయమూర్తిగా, 1736 నుండి 1738 వరకు తాత్కాలిక గవర్నరుగా వ్యవహరించాడు. మొక్కజొన్న గింజ కట్టడానికి పుప్పొడి అవసరమని ప్రయోగపూర్వకంగా నిరూపించిన శాస్త్రజ్ఞుడు కూడా.

ఇంతటి పండితుని జీవితంలో ఒక మాయనిమచ్చ ఉంది. ఒక మనిషి ఒకటిన్నర దినంలో నడిచినంత మేర భూమి పెన్ వంశానిదన్న పాత పత్రాన్ని చూపి, 1737లో వేగంగా నడిచేవారిని కూలికి నియమించి, లెనాపే ప్రజల లక్షలాది ఎకరాలను అపహరించారు. ఆ వ్యవహారంలో లోగన్ ముఖ్యపాత్ర వహించాడు.

1751లో ఆయన మరణించాడు. జీవితమంతా సేకరించిన 2,600కు పైగా గ్రంథాలు నగర ప్రజలకు దక్కాయి. 1792లో అవి ఫిలడెల్ఫియా లైబ్రరీ కంపెనీలో చేరాయి.

ఆయన దానం ఎంత సత్యమో, ఆ అన్యాయమూ అంతే సత్యం. పాండిత్యం పుస్తకాల వల్ల లభిస్తుంది. న్యాయబుద్ధిని మాత్రం వేరుగా అలవరచుకోవాలి. పిల్లలకు ఈ రెండూ నేర్పినప్పుడే పాఠశాల తన పేరు సార్థకం చేసుకుంటుంది.