వారసులు లేని నవాబు, వాటాలు పడని బొమ్మలు

రాజమహేంద్రవరంలో రాత్రి గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి సికింద్రాబాద్. పిల్లలకు హైదరాబాద్ చూపించడానికి వెళ్లే మన ఇళ్లవాళ్ల ప్రోగ్రాం దాదాపు ఒకేలా ఉంటుంది. చార్మినార్, మక్కా మసీదు, లాడ్ బజార్‌లో గాజులు, ఆ తర్వాత మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియం. (శుక్రవారం మ్యూజియానికి సెలవు. మక్కా మసీదులో జుమా చదువుకుని అట్నుంచి అటే చూసొద్దాం అనుకున్నవాళ్లు గేటు దాకా వెళ్లి వెనక్కి రావాల్సిందే.)

లోపల ఎన్ని గదులున్నా, గంట కొట్టే టైం దగ్గర పడితే జనమంతా ఒక గడియారం ముందుకు చేరిపోతారు. గంటకు మూడు నిమిషాల ముందు అందులో చిన్న తలుపు తెరుచుకుంటుంది. గడ్డం ఉన్న బుల్లి మనిషి బయటికొచ్చి, టైం కాగానే ఎన్ని గంటలైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి వెళ్లిపోతాడు. అదే గడియారంలో ఇంకో బుల్లి కమ్మరి సుత్తి పట్టుకుని సెకన్లు కొడుతూనే ఉంటాడు. పిల్లలు కేకలేస్తారు, పెద్దవాళ్లు ఫోన్లు పైకెత్తుతారు. రెండు నిమిషాల్లో బెంచీలన్నీ ఖాళీ.

ఆ బుల్లి మనిషిని కొని తెచ్చిన ఆసామి సంగతి మాత్రం చాలామందికి తెలీదు. సాలార్‌జంగ్ అంటే ఒక్కరే అనుకుంటారు. నిజానికి ముగ్గురు. తాత, తండ్రి, కొడుకు. ముగ్గురూ హైదరాబాద్ సంస్థానానికి దీవాన్లుగా పనిచేశారు. మ్యూజియంలోని వస్తువుల్లో ఎక్కువ భాగం పోగు చేసింది మూడో ఆయన, నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్.

ఆయన 1889 జూన్ 13న పూనాలో పుట్టారు. జూలై 7న తండ్రి మీర్ లాయక్ అలీ ఖాన్ చనిపోయారు. పిల్లాడికి నెల కూడా నిండలేదు. తాత మీర్ తురాబ్ అలీ ఖాన్, అంటే మొదటి సాలార్‌జంగ్, అంతకు ఆరేళ్ల ముందే, 1883లో పోయారు. ముప్పై ఏళ్లు సంస్థానాన్ని నడిపిన తాతనూ చూడలేదు, కన్న తండ్రి ముఖమూ ఎరగడు. ఉయ్యాల్లో ఉండగానే అంత పెద్ద జాగీర్‌కు వారసుడైపోయాడు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నీడలో పెరిగాడు.

1912లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఆయన్ను దీవాన్ కుర్చీలో కూర్చోబెట్టారు. అప్పటికి వయసు 23. ఈ రోజుల్లో ఆ వయసు కుర్రాళ్లు డిగ్రీ అయిపోయి ఉద్యోగం కోసం తిరుగుతుంటారు. ఆయన చేతికి ఏకంగా ఒక రాజ్యం లెక్కలు వచ్చాయి. కానీ తాతలా ముప్పై ఏళ్లు ఉండలేదు. 1914 నవంబర్‌లో రాజీనామా చేశారు. పదవిలో ఉన్నది రెండేళ్ల పైచిలుకే. 25 ఏళ్లకే దర్బారు పని అయిపోయింది. ఇక మళ్లీ ఆ కుర్చీ వైపు వెళ్లలేదు. పెళ్లి కూడా చేసుకోలేదు.

అక్కడి నుంచి చనిపోయేదాకా, అంటే దాదాపు 35 ఏళ్లు, ఆయన చేసిన పని ఒక్కటే. కొనడం. జాగీర్ ఆదాయంలో పెద్ద భాగం అందులోకే వెళ్లింది. కొన్నాళ్లకు ఈ సంగతి దేశదేశాల పురాతన వస్తువుల వ్యాపారులకు తెలిసిపోయింది. వాళ్లే సరుకు వేసుకుని ఆయన నివాసం దీవాన్ దేవిడీకి వచ్చేవాళ్లు. ఆయన కూడా యూరప్, మధ్యప్రాచ్య దేశాలు తిరిగి కొనుక్కొచ్చేవారు. జేడ్ రాతి కత్తులు, చైనా పింగాణీ, పర్షియా తివాచీలు, దంతపు సామాన్లు, ఫ్రెంచి అద్దాలు, అరబీ ఫార్సీ చేతిరాత కితాబులు. మ్యూజియంలో ఉన్న ఖురాన్ ప్రతుల్లో ఒకటి యాఖూత్ అల్ ముస్తాసిమీ చేతిరాతది. దాని మీద జహంగీర్, షాజహాన్, ఔరంగజేబ్ ముగ్గురి సంతకాలూ ఉన్నాయి. మూడు తరాల బాదుషాల చేతులు మారిన పుస్తకం అది. గడియారం దగ్గర గుమిగూడే జనంలో సగం మంది కూడా అటువైపు వెళ్లరు. వెళ్లాలి.

వీటన్నిటి పక్కనే ఆటబొమ్మలు కూడా ఉన్నాయి. పింగాణీ బొమ్మలు, లోహపు బొమ్మలు, బొమ్మ రైలు, యుద్ధానికి బారులు తీరిన బుల్లి సిపాయిల పటాలం. పిల్లల్లేని ఇంట్లో ఇన్ని ఆటవస్తువులు ఎందుకు అని ఎవరికైనా అనిపిస్తుంది. జాలిగా చూడక్కర్లేదు. బొమ్మలు పోగు చేసేవాళ్లు ఏ కాలంలోనైనా ఎక్కువగా పెద్దవాళ్లే.

నవాబు దీవాన్ దేవిడీ నింపుకుంటున్న ఆ రోజుల్లోనే అమెరికాలో ఇంకో రకం బొమ్మల వ్యాపారం ఊపందుకుంది. 1934లో ఐడియల్ అనే కంపెనీ బాలనటి షిర్లీ టెంపుల్ రూపంలో బొమ్మను మార్కెట్లోకి దించింది. కరువు రోజులైనా తెగ అమ్ముడుపోయింది. మేడమ్ అలెగ్జాండర్ అనే ఆవిడ కంపెనీ స్కార్లెట్ ఓహారా బొమ్మ తెచ్చింది. గాన్ విత్ ద విండ్ సినిమా 1939లో వచ్చాక ఆ బొమ్మంటే జనానికి ఆ సినిమా నాయికే. 1959లో బార్బీ వచ్చింది. 1990లలో అదే బార్బీ కంపెనీ పాత హాలీవుడ్ తార ఆడ్రీ హెప్‌బర్న్ రూపంతో, ఆమె సినిమాలో వేసుకున్న నల్ల గౌనుతో సహా బొమ్మలు చేసింది. ఇవి పిల్లలు ఆడుకోవడానికి కావు. కొన్నవాళ్లు పెట్టె సీలు కూడా తియ్యరు. తీస్తే రేటు పడిపోతుంది. బొమ్మ ఎంత అందంగా ఉన్నా విలువంతా అట్టపెట్టెలోనే ఉంటుంది.

నవాబు కొన్నవి సినిమా తారల బొమ్మలు కావు. పెట్టెలో దాచడం కూడా ఆయన పద్ధతి కాదు. ఆయన గదులన్నీ నిండిపోయేవి, ఇంకా కొనేవారు. కానీ బొమ్మకు కట్టిన బట్ట మీద మోజు అనేది మాత్రం ఆ ఇంట్లో తాత నుంచే ఉంది. మొదటి సాలార్‌జంగ్ 1876లో ఇటలీ వెళ్లినప్పుడు రోములో ఒక పాలరాతి శిల్పం కొన్నారు. చెక్కింది జొవానీ మారియా బెంజోనీ. మేలిముసుగు రెబెకా అని దానికి పేరు. హజ్రత్ ఇస్హాఖ్ అలైహిస్సలాం భార్య ఆమె. కాబోయే భర్త ఎదురొస్తున్నాడని తెలిసి ముసుగు వేసుకున్న క్షణం అందులో ఉంది. ముసుగూ రాయే, ముఖమూ రాయే. అయినా పల్చటి తడిబట్ట వెనక ముఖం కనిపిస్తున్నట్టే ఉంటుంది. చీర కుచ్చిళ్లలా జారిన మడతలు చూసి మన ఇళ్లల్లో కుట్టుపని తెలిసిన ఆడవాళ్లు ఎంతసేపైనా అక్కడ నిలబడిపోతారు. తారల బొమ్మలకు సిల్కు గౌన్లు కుట్టేవాళ్లు గుడ్డతో చేసే పనిని ఆయన ఉలితో చేశాడు.

ఇంకో చోట చెక్క బొమ్మ ఉంది. ఒకే దుంగలో ముందు వైపు మెఫిస్టోఫిలిస్ అనే షైతాను, తల ఎత్తుకుని గర్వంగా. వెనక వైపు తల దించుకున్న మార్గరెట్టా అనే అమ్మాయి. వెనక అద్దం పెట్టారు కాబట్టి ఇద్దరూ ఒకేసారి కనిపిస్తారు. చాలామంది షైతాన్ని చూసి ముందుకు సాగిపోతారు, అద్దం సంగతి ఎవరైనా చెబితే వెనక్కొస్తారు.

గడియారం మాత్రం తాతది కాదు, మూడో సాలార్‌జంగ్ కొన్నదే. కుక్ అండ్ కెల్వీ అనే ఇంగ్లిషు కంపెనీ నుంచి తీసుకున్నారు. అందులో 350కి పైగా విడిభాగాలున్నాయి.

ఇంతా పోగు చేసిన మనిషి మనసులో ఒక మ్యూజియం ఆలోచన ఉంది. కట్టే రోజు రాలేదు. పోలీస్ యాక్షన్ జరిగి ఆరు నెలలు కూడా కాకముందే, 1949 మార్చి 2న ఆయన చనిపోయారు. వయసు 59. దాయిరా మీర్ మోమిన్ ఖబ్రస్తాన్‌లో వాళ్ల ఖాన్‌దాన్ సమాధుల మధ్య దఫన్ చేశారు.

అసలు కథ ఇక్కడే మొదలవుతుంది. దీన్ని లెక్కల మనిషిలా చూడాలి. ఆయన పోయిన ఐదున్నర నెలలకు, 1949 ఆగస్టులో, హైదరాబాద్ రాష్ట్రంలో జాగీర్లు రద్దయ్యాయి. అంటే ఇన్నాళ్లూ బొమ్మలు కొన్న డబ్బు ఏ బావిలోంచి వచ్చిందో ఆ బావే పూడిపోయింది. ఇంటి నిండా సరుకుంది, దాన్ని చూసుకోవడానికి ఆదాయం లేదు. కొడుకులు కూతుళ్లు లేరు. అలాంటప్పుడు ఆస్తి దూరపు చుట్టాల్లో వాటాలుగా చీలిపోతుందని మన ఇళ్లల్లో వేరే చెప్పనక్కర్లేదు. షరియత్ ప్రకారం వసియత్ రాసినా మూడో వంతు దాకే చెల్లుతుంది, మిగతాది వారసులది. పొలమైతే కొలిచి గట్టు వేస్తారు. బంగారమైతే తూకం వేస్తారు. వేల బొమ్మలు, గడియారాలు, కితాబులు ఉన్న ఇంటిని ఎలా పంచాలి? గడియారం ఒకరికి, అందులోని బుల్లి మనిషి ఒకరికీ ఇవ్వలేరు కదా. అమ్మి డబ్బు పంచుకోవడం ఒక్కటే తేలిక. అదే జరిగి ఉంటే రెబెకా ఈపాటికి ఏ లండన్ వేలంలోనో ఉండేది.

అమ్మకం జరగలేదు. ప్రభుత్వం సాలార్‌జంగ్ ఎస్టేట్ కమిటీ అని ఒకటి వేసింది. అప్పట్లో హైదరాబాద్ పరిపాలన చూస్తున్న ఎం.కె. వెల్లోడి ఈ వస్తువులన్నిటినీ ఒక మ్యూజియంగా పెట్టాలని అనుకున్నారు. వాటిని వరసలో సర్దే పని కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్‌కు అప్పగించారు. ఆయన ఎవరో తెలుగువాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు, మదనపల్లెలో పనిచేసిన ఐర్లండ్ కవి. 1951 డిసెంబర్ 16న ప్రధాని నెహ్రూ దీవాన్ దేవిడీలోనే మ్యూజియం ప్రారంభించారు. నవాబు నిద్రపోయిన ఇంట్లోనే, ఆయన కొన్న వస్తువుల మధ్య జనం టికెట్టు కొని తిరిగారు.

తలుపులు తెరుచుకున్నాయి గానీ హక్కు తేలలేదు. కోర్టులో నడిచింది. 1958 డిసెంబర్ 26న హైకోర్టు డిక్రీ ఆధారంగా రాజీ పత్రం కుదిరింది. కుటుంబ సభ్యులు ఆ సేకరణను భారత ప్రభుత్వానికి ఇచ్చేశారు. నవాబు పోయిన తొమ్మిదేళ్ల తొమ్మిది నెలలకు. ఈ ఒక్క సంతకం గురించి మ్యూజియం చూసొచ్చినవాళ్లలో ఎంతమంది మాట్లాడతారు? కొన్న మనిషి గొప్పవాడే, కాదనరు ఎవరూ. కానీ కొనడానికి ఆయనకు డబ్బుంది, మోజుంది, ఖాళీ ఉంది. వాటా వదులుకున్నవాళ్లకు జాగీర్ ఆదాయం కూడా అప్పటికి పోయింది. అయినా వదులుకున్నారు. వాళ్ల పేర్లు పిల్లల పుస్తకాల్లో రావు.

1961లో పార్లమెంటు చట్టం చేసి దీన్ని జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా ప్రకటించింది. 1968లో మ్యూజియం దీవాన్ దేవిడీ వదిలి దారుల్ షిఫాలో ఇప్పుడున్న బిల్డింగుకు మారింది.

ఇలాంటిదే ఒకటి రాజమహేంద్రవరంలోనూ ఉంది. ఇక్కడ బొమ్మలంటే రంగులతో వేసినవి. చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, 28 ఏళ్లు నిండకముందే మశూచితో చనిపోయారు. ఇంటివాళ్లు, స్నేహితులు ఆయన వేసిన బొమ్మలు చెదిరిపోకుండా చూశారు కాబట్టే గోదావరి గట్టు దగ్గర ఆయన పేరుతో ఆర్ట్ గ్యాలరీ ఉంది. ఊళ్లోవాళ్లు పుష్కర ఘాట్‌కు వెళ్లినన్నిసార్లు అక్కడికి వెళ్లరు, అది వేరే సంగతి.

దీవాన్ దేవిడీ ఇప్పుడు హోల్‌సేల్ బట్టల బజారు. మన తాడితోట లాగే సందుల నిండా షాపులు, మూటలు, ఆటోలు, బేరాలు. పాత మహలు పోయింది, పెద్ద దర్వాజా మిగిలింది. దానికింద నుంచే రోజూ చీరల బేళ్లు, డ్రెస్ మెటీరియల్ కట్టలు లోపలికి, బయటికి వెళ్తుంటాయి. అక్కడి నుంచి మ్యూజియం ఆటోలో కొద్ది నిమిషాలు. టైం చూసుకుని బయల్దేరితే బుల్లి మనిషి బయటికొచ్చే వేళకు అందుకోవచ్చు.