సర్ థామస్ మన్రో – నేల ఓర్పు నెరిగిన పాలకుడు

పట్టణము తన బలముతో తాను పెరుగదు. చుట్టునున్న నేల ఇచ్చిన పంటతోను, ఆ నేల దాచిన నీటితోను పెరుగును. కర్నూలు మండలమునకు పడమటనున్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతమున ఈ సత్యము స్పష్టముగా కనబడును. అచ్చటి నల్లరేగడి ప్రత్తిని పండించును, ప్రత్తి నూలగును, నూలు బట్టయై అంగడికి వచ్చును. వాన కురియని యేట ఈ గొలుసు మొదటి కొలికి యొద్దనే తెగిపోవును. ఈ సీమ నేల ఎంత భారమును మోయగలదో లెక్కగట్టి, ఆ లెక్క కొరకు పై అధికారులతో వాదించిన పాలకుడు సర్ థామస్ మన్రో.

మన్రో 1761 మే 27వ తేదీన స్కాట్లండులోని గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి అమెరికాతో వ్యాపారము చేయు వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధము వలన ఆ వ్యాపారము దెబ్బతినగా, కుమారుడు ఈస్టిండియా కంపెనీ సైన్యమున చేరి 1780లో చెన్నపట్టణము చేరెను. హైదరాలీతో జరిగిన యుద్ధములలో పాల్గొనెను. 1792 నుండి బారామహలు ప్రాంతమున ఏడేండ్లు రెవిన్యూ పని నేర్చెను. పొలము గట్టుపై నిలిచి రైతుతో నేరుగా మాటలాడు అలవాటు అతనికి అచ్చటనే అబ్బెను. తరువాత కొంతకాలము కన్నడ దేశపు సముద్రతీరమున పనిచేసెను.

1800లో నిజాము ప్రభువు బళ్ళారి, అనంతపురము, కడప ప్రాంతములను కంపెనీకి దత్తము చేసెను. దత్తమండలములను పేరు అందువలననే వచ్చెను. మన్రో వీనికి ప్రధాన కలెక్టరుగా నియమింపబడెను. ఆదోని సీమయు అందులోనిదే. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు అది బళ్ళారి జిల్లాలోనే యుండెను.

ఆదోని అప్పటికి అనేక ప్రభుత్వములను చూచిన నగరము. విజయనగర రాజులు దాని కొండకోటను కాపాడిరి. బిజాపురపు సుల్తానుల తరఫున సిద్దీ మసూద్ ఖాను ఏలెను. సుప్రసిద్ధమైన జుమ్మా మసీదు అతని కాలపు కట్టడము. 1786లో టిప్పు సుల్తాను ఆ కోటను పట్టుకొని దాని ప్రాకారములను కూల్పించెను. యుద్ధములు, పాళెగాండ్ర దోపిడి, మితిలేని వసూళ్లు ఒకదాని వెనుక నొకటి వచ్చుటచే పల్లెలు చితికిపోయెను. పల్లెలు చితికిన చోట నగరము నిలువజాలదు.

మన్రో ఏడేండ్లలో ఎక్కువ కాలము గుడారములలోనే గడపుచు గ్రామగ్రామము తిరిగెను. ఎనుబది మందికి చేరువగా నున్న పాళెగాండ్రను కఠినముగా అణచెను. పొలమెల్ల కొలిపించి, మెట్ట, మాగాణి, తోట యని వేరుపరచి, ఒక్కొక్క చేనుకు శిస్తు నిర్ణయింపజేసెను. రైతు తన శక్తికొలది చేనును ఉంచుకొనవచ్చును. విడువనెంచినచో సంవత్సరాంతమున విడువవచ్చును. ఇదియే రైత్వారీ పద్ధతి.

అయితే మన్రో వసూళ్లు తేలికయైనవి కావు. ఏడేండ్లలో దత్తమండలముల ఆదాయము సుమారు ఒకటిన్నర రెట్లయ్యెను. కొంత శాంతిభద్రతల ఫలమే కావచ్చును; కాని పంటలో ఇంచుమించు నూటికి 45 పాళ్లు సర్కారునకు పోవుచున్నవని మన్రోయే గ్రహించెను. అంత శిస్తు కట్టిన రైతు నూయి త్రవ్వలేడు, కట్ట వేయలేడు, కరవు నాటికి గింజ దాచుకొనలేడు.

అందుచే 1807 ఆగస్టులో మన్రో ఒక ప్రతిపాదన పంపెను. భూములన్నిటిపై శిస్తును నూటికి 25 వంతున తగ్గింపవలెను. అప్పుడు సర్కారు భాగము పంటలో మూడవ వంతునకు దిగును. బావులక్రింద సాగగు భూములకు, రైతులు ఆ బావులను తమ ఖర్చుతో బాగుచేసికొనునెడల, మొత్తము నూటికి 33 వంతు తగ్గింపవలెను. చిన్న చెరువుల మరమ్మతును రైతులే వహించుచోట్లను అట్లే చేయవలెను. ఇందలి సూక్ష్మము గమనింపదగినది. నీటి నెలవును కాపాడువానికి ఆ కాపుదలలోనే లాభము చూపవలెనని మన్రో తలచెను. ఆజ్ఞకు భయపడి పూడిక తీయువాడు ఒక యేడు తీయును. తన చేనికై తీయువాడు ఏటేట తీయును.

ప్రభుత్వము దీని నప్పుడు అంగీకరింపలేదు. మన్రో ఆ యేడే స్వదేశమునకు పోయెను. 1808 నుండి గ్రామములను మూడేండ్లకు, పిమ్మట పదేండ్లకు గుత్తకిచ్చిరి. గుత్తదారునకు గడువులోపలి రాబడిపై నున్న దృష్టి చెరువుకట్టపై నుండదు. ఆ పద్ధతి విఫలమయ్యెను. 1820లో మన్రో చెన్నపట్టణపు గవర్నరై వచ్చిన తరువాత రైత్వారీ మరల స్థిరపడెను. దత్తమండలములకు శిస్తు తగ్గింపును లభించెను.

అడవుల విషయమున మాత్రము ఆతని దృష్టి అంత దూరము పోలేదు. ఓడల నిర్మాణమునకు టేకు కావలసి, మలబారు, కన్నడ తీరములలో 1806 నుండి కంపెనీ ఒక అటవీ సంరక్షకుని నియమించియుండెను. అది ప్రజల హక్కులను హరించుచున్నదని మన్రో 1823లో దానిని రద్దు చేయించెను. ప్రజల పక్షమున నిలుచుట న్యాయమే. కాని నిర్బంధమును తీసివేసినవాడు కాపుదలను ఎవరికిని అప్పగింపలేదు. బావి విషయమున హక్కును బాధ్యతతో ముడివేసిన బుద్ధి అడవి విషయమున ఆ ముడిని మరచెను. నరకుట విచ్చలవిడి యయ్యెను. మద్రాసు రాజధానిలో మరల 1856లో డాక్టరు క్లెగ్‌హార్న్ అటవీ సంరక్షకుడుగా నియమింపబడెను.

మన్రో తరువాత ఈ సీమ పట్టణములు వేగముగా పెరిగినవి. 1871 నాటికి మద్రాసు, బొంబాయి నగరములను కలుపు రైలుమార్గము ఆదోని మీదుగా ఏర్పడి, ఆదోని ప్రత్తి వ్యాపారమునకు పెద్ద కేంద్రమయ్యెను. 1876–78 నాటి మహాక్షామము రైలు వచ్చినంత మాత్రమున నేలకు నీరు రాదని చాటెను. 1938లో ఎమ్మిగనూరున మాచాని సోమప్ప నాయకత్వమున చేనేత సహకార సంఘము వెలసెను. 1953లో తుంగభద్ర జలాశయమునుండి నీరు విడువబడెను. దిగువ కాలువ ఈ పొలములకును, పట్టణముల దాహమునకును ఆధారమయ్యెను. మొదట 133 టి.ఎం.సి.లు పట్టిన ఆ జలాశయము పూడిక వలన నేడు సుమారు 105 టి.ఎం.సి.లు మాత్రమే పట్టుచున్నది. ఎగువ కొండలపై చెట్టు పలుచబడినచో మన్ను జారి దిగువ జలాశయమునకు చేరును. మన్రో బావికి వేసిన ముడియు, అడవికి వేయని ముడియు ఈనాటి పట్టణవాసులకు సమానముగా పాఠములే. కాలువ చివరి కుళాయి యొద్ద నిలిచినవానికి చెరువుకట్ట మీదను, కొండచెట్టు మీదను పూచీ యున్నది.

మన్రోను ఈ సీమ ప్రజలు మరువలేదు. తుంగభద్రా తీరమున మంత్రాలయములో రాఘవేంద్రస్వామి బృందావనము నుండి ఆతనితో మాటలాడెనని భక్తులు చెప్పుకొందురు. బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిన కుటుంబములును కలవు.

1827లో పదవి వీడి స్వదేశమునకు పోవుటకు ముందు, మన్రో తాను మొదట పాలించిన ఈ మండలములను కడసారి చూడవచ్చెను. జూలై 6వ తేదీన పత్తికొండ యొద్ద కలరా సోకి ఆ దినమే మరణించెను. గుత్తిలో ఖననము చేసి, 1831లో అస్థులను చెన్నపట్టణపు కోటలోని దేవాలయమునకు చేర్చిరి. ఆ నగరమున గుఱ్ఱముపై కూర్చున్న కంచు విగ్రహమును నిలిపిరి. పత్తికొండలో మాత్రము విగ్రహము కాక, ఒక తోపును నాటించి, ఒక మెట్లబావిని కట్టించిరి.