చరిత్ర విద్యార్థి గిడుగు రామమూర్తి

విశాఖపట్టణంలోని ఫిషింగ్ హార్బరు నుండి బయలుదేరిన మరపడవ తీరం వెంట ఉత్తరదిశగా సాగితే మొదట భీముని పట్టణం, ఆ తరువాత కళింగపట్నం ఎదురవుతాయి. కళింగపట్నం వద్ద వంశధారానది సముద్రంలో కలుస్తుంది. నది వెంట ఎగువకు వెళ్ళిన వారికి ఎడమ గట్టున శ్రీముఖలింగ క్షేత్రం దర్శనమిస్తుంది. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు ఇక్కడ ఉన్నాయి. వీటి గోడల మీద, స్తంభాల మీద సంస్కృతంలోను, తెలుగులోను చెక్కిన శాసనాలు అనేకం కనిపిస్తాయి. తరతరాలుగా భక్తులు వాటి ప్రక్కనుండే నడచి వెళ్ళి స్వామిని సేవించుకొన్నారు. ఆ రాతలలో ఏమున్నదో తెలుసుకోవాలన్న కోరిక మాత్రం ఏ కొద్దిమందికో కలిగింది. అటువంటి వారిలో ఒకరు, ఆ పరిసరాలలోనే పుట్టిన గిడుగు వేంకట రామమూర్తి.

రామమూర్తి పంతులుగారు అనగానే వ్యావహారిక భాషోద్యమం గుర్తుకు వస్తుంది. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. అయితే ఆయన విశ్వవిద్యాలయపు పట్టం పొందినది చరిత్ర ప్రధాన విషయంగా. పాఠశాలలో మొదట బోధించినదీ చరిత్రే. భాషావేత్తగా ఆయన సాధించిన విజయాల వెనుక ఒక చరిత్ర విద్యార్థి శిక్షణ ఉన్నది. ఆ శిక్షణను ఆయనకు ఏ కళాశాలా ఇవ్వలేదు.

రామమూర్తిగారు 1863లో శ్రీముఖలింగానికి సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. తండ్రి వీర్రాజుగారు రెవిన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. ఆయనకు చోడవరం బదిలీ అయింది. అక్కడే విషజ్వరం సోకి 1875లో మరణించారు. అప్పటికి రామమూర్తిగారి వయస్సు పన్నెండేళ్ళు. తండ్రి నీడ తొలగిపోయిన ఆ బాలుడు విజయనగరంలో బంధువుల ఇంట ఉండి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదువుకొన్నారు. తరువాతి కాలంలో తెలుగు సాహిత్యాన్ని మలుపు త్రిప్పిన గురజాడ అప్పారావు అక్కడ ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ ఉత్తీర్ణులయ్యారు. ఆ ఏడే వివాహం కూడా జరిగింది.

పదహారేళ్ళ వయస్సు, సంసారభారం, తండ్రి లేని ఇల్లు. ఇటువంటి స్థితిలో పై చదువులకు వెళ్ళడం సాధ్యం కాలేదు. 1880లో పర్లాకిమిడిలో రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరి ఫస్టు ఫారం పిల్లలకు, అనగా నేటి ఆరవ తరగతి వయస్సు వారికి, చరిత్ర బోధించసాగారు.

ఆ రోజులలో తెలుగునాట విశ్వవిద్యాలయం లేదు. పట్టం కావాలంటే 1857లో ఏర్పడిన మద్రాసు విశ్వవిద్యాలయపు పరీక్షలే శరణ్యం. తూర్పుతీరం వెంట రైలుమార్గం కూడా 1890 దశకంలో గాని పూర్తికాలేదు. కొండల అంచున ఉన్న పర్లాకిమిడికి పుస్తకం రావడమే ఒక ప్రయాస. అయినప్పటికీ ఉద్యోగం చేసుకొంటూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. ఎఫ్.ఏ. అంటే నేటి ఇంటర్మీడియట్‌తో పోల్చదగిన చదువు. ఆ తరువాత పదేళ్ళకు, 1896లో, చరిత్ర ప్రధాన విషయంగా బి.ఏ. పట్టం పొందారు. అందులోనూ విశ్వవిద్యాలయంలో రెండవ స్థానంలో నిలిచారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది మూడేళ్ళు. మెట్రిక్యులేషన్‌కు, పట్టానికి మధ్య పదిహేడేళ్ళు గడచిపోయాయి. పగలు పాఠశాల, రాత్రి దీపపు వెలుగులో చదువు, నడుమ సంసారం. ఈ దీర్ఘకాలాన్ని జీవితచరిత్రలు సాధారణంగా ఒకటి రెండు వాక్యాలలో దాటివేస్తాయి. కాని ఆయన వ్యక్తిత్వం రూపుదిద్దుకొన్నది ఈ ఏళ్ళలోనే.

పరీక్ష కోసం చదివే చరిత్ర వేరు, పరిశోధన కోసం చదివే చరిత్ర వేరు. రాజుల పేర్లు, యుద్ధాల తేదీలు కంఠస్థం చేసి పరీక్ష ముగియగానే మరచిపోవడం నాడూ ఉన్నది, నేడూ ఉన్నది. చరిత్రను కష్టమైన బండచదువుగా తలచి దూరంగా జరిగే విద్యార్థులను తప్పుపట్టవలసిన పని లేదు. వారికి అందుతున్నది చాలావరకు ఆ రూపమే. రామమూర్తిగారికి ముద్రిత గ్రంథాలతో పాటు మరొక గ్రంథాలయం అందుబాటులో ఉన్నది. అది శ్రీముఖలింగ దేవాలయాల గోడ. ప్రాచీన లిపులను ఆయన ఎవరి వద్దా నేర్చుకోలేదు. తెలిసిన అక్షరం నుండి తెలియని అక్షరానికి, తెలిసిన పదం నుండి తెలియని పదానికి పోతూ స్వయంకృషితో శాసనలిపిని పట్టుకొన్నారు. శాసనాలు అర్థం చేసుకోవడానికి సంస్కృతం కావాలి కాబట్టి ఇంటి వద్దనే ఆ భాషా గ్రంథాలు చదువుకొన్నారు. క్రమంగా ఆ ఆలయాలలోని శాసనాలను చదివి అర్థం చేసుకోగలిగారు.

ఈ కృషి ఒక పెద్ద చిక్కుముడిని విప్పడానికి తోడ్పడింది. కళింగదేశాన్ని పాలించిన తూర్పు గాంగరాజులు అనేక తామ్రశాసనాలను కళింగనగరం నుండి ప్రకటించారు. ఆ రాజధాని ఎక్కడున్నదన్నది పండితుల మధ్య వివాదాంశమైంది. పేరులోని పోలికను బట్టి సముద్రతీరంలోని కళింగపట్నమే ఆనాటి కళింగనగరమని కొందరు భావించారు. ఆ ఊహ సహజమైనదే. నగరం, పట్నం అన్న మాటలు దగ్గరివి. రేవుపట్టణం రాజధాని కావడంలోనూ వింత లేదు.

రామమూర్తిగారు పేరుతో తృప్తిపడలేదు. నడగాంలో లభించిన వజ్రహస్తుని తామ్రశాసనాలను ఆయన పరిష్కరించి, భారతదేశ శాసనాలకు ప్రామాణిక పత్రికయైన ఎపిగ్రాఫియా ఇండికా నాలుగవ సంపుటంలో ప్రకటించారు. అవి శకవర్షం 979 నాటివి, అనగా క్రీ.శ. 1057 ప్రాంతపువి. ఆ సందర్భంలో కళింగనగర సమస్యను చర్చించి, శ్రీముఖలింగమే నాటి రాజధాని అని ప్రతిపాదించారు. అక్కడి ఆలయ శాసనాలను, శ్రీముఖలింగానికి సమీపంలోని నగరికటకం అనే గ్రామం పేరును, ఆ రెండు ఊళ్ళ నడుమ కనిపించే శిథిలాలను ఆయన పరిశీలించారు. శాసనం, స్థలం, ఊరిపేరు అనే మూడూ ఒకే దిక్కును చూపినప్పుడు గాని ఆయన నిర్ణయానికి రాలేదు. ఈ విషయంపై తరువాత కూడా చర్చ సాగింది. అయినా చరిత్రకారులలో పలువురు ఆయన ప్రతిపాదననే అంగీకరించారు. ఈ సంపుటం వెలువడిన కాలం, ఆయన బి.ఏ. పూర్తిచేసిన కాలం దాదాపు ఒకటే. పరీక్షకు చదువుకొంటున్న ఒక పాఠశాల ఉపాధ్యాయుడు పాఠ్యగ్రంథాలలోకి ఎక్కవలసిన విషయాన్ని తానే కనుగొన్నారన్నమాట!

పర్లాకిమిడిలో రాజావారి విద్యాలయం కళాశాల స్థాయికి పెరిగింది. బి.ఏ. పట్టంతో రామమూర్తిగారికి కళాశాల తరగతులకు బోధించే అర్హత లభించింది. 1911లో విరమించేవరకు ఆయన అధ్యాపకవృత్తిలోనే ఉన్నారు.

ఈ మధ్యకాలంలోనే ఆయన దృష్టి మరొక దిక్కుకు మళ్ళింది. పర్లాకిమిడి పరిసరాల కొండలలో సవరలు నివసిస్తారు. అప్పటికి వారి భాషకు లిపి లేదు, గ్రంథం లేదు. సంతలలోను, కచేరీలలోను భాష తెలియక వారు మోసపోయేవారు. శాసనాలు వ్రాయించుకొన్న రాజులకు చరిత్ర దక్కింది. రాత లేని జనుల మాట ఏమిటి? అక్షరబద్ధం కాని దానిని వినడం తప్ప మార్గం లేదని గ్రహించి, సవర, తెలుగు భాషలు రెండూ తెలిసిన వ్యక్తిని ఇంట ఉంచుకొని ఆయన సవరభాష నేర్చుకొన్నారు. కొండలలో తిరిగి పదాలు, పాటలు, కథలు సేకరించారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పడానికి పుస్తకాలు వ్రాశారు, సొంత ఖర్చుతో బడులు నడిపారు. ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోగా దానిని తనకు బదులు సవరల బడికి వినియోగించవలసిందిగా కోరారు.

ఈ సేవకు ఆయన చెల్లించిన మూల్యం తక్కువది కాదు. మన్యపు చలిజ్వరం పట్టుకొన్నది. విరుగుడుగా వాడిన క్వినైను వల్ల వినికిడి శక్తి దెబ్బతిన్నది. చెవితో విని ఒక భాషను లోకానికి అందించిన మనిషికి ఆ చెవులే సహకరించకుండా పోయాయి. అయినా పని ఆగలేదు. సవరభాషా వ్యాకరణం 1931లోను, నిఘంటువులు ఆ దశాబ్దంలోనే తరువాతను వెలువడ్డాయి.

1907లో జె.ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడు ఉత్తర కోస్తా జిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చారు. ఆయన తెలుగు నేర్చుకొంటూ ఒక సందేహంలో పడ్డారు. జనం మాట్లాడే తెలుగు ఒకటి, పుస్తకాలలోని తెలుగు మరొకటి. పిల్లలకు ఏది నేర్పాలి? విశాఖపట్టణంలోని మిసెస్ ఏ.వి.ఎన్. కళాశాలకు అధిపతిగా ఉన్న పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగలవారుగా గురజాడను, గిడుగును సూచించారు. శ్రీనివాస అయ్యంగారు స్వయంగా చరిత్రకారులు కావడం గమనింపదగినది. నేటి హార్బరుకు ఎంతో దూరం లేని ఆ పాతపట్టణపు కళాశాల నుండి వెళ్ళిన మాట రామమూర్తిగారి శేష జీవితాన్ని నిర్ణయించింది.

జయంతి రామయ్య పంతులు మొదలైన పండితులు గ్రాంథిక భాషను సమర్థించారు. వారు సామాన్యులు కారు. భాష చెడిపోతుందేమోనన్న భయం వారిది, అది తెలుగు మీది ప్రేమ నుండి పుట్టినదే. వారితో వాదించడానికి ఆవేశం చాలదు. రామమూర్తిగారు చరిత్రకారుని ఆయుధాన్నే తీసుకొన్నారు. రాజధాని ఎక్కడ అన్న ప్రశ్నకు ఊరిపేరు చాలనట్లే, భాష ఏది అన్న ప్రశ్నకు వ్యాకరణసూత్రం చాలదని ఆయన భావన. ఏ మాటను ఎవరు, ఎప్పుడు, ఎక్కడ వాడారు? సాక్ష్యం చూపాలి. పూర్వుల వచన రచనలను గాలించి, జనవ్యవహారంలోని రూపాలు వాటిలో ఏనాటి నుండో ఉన్నాయని నిరూపించారు. అటువంటి ఉదాహరణలను గద్యచింతామణి అనే గ్రంథంగా కూర్చారు. గ్రాంథికమే వ్రాస్తున్నామని చెప్పుకొనేవారి రచనలలోనే ఆ నియమాలు ఎక్కడెక్కడ తప్పిపోయాయో ఎత్తిచూపారు. 1919లో తెలుగు అనే మాసపత్రికను నడిపారు. 1925లో తణుకులో జరిగిన సభలో నాలుగు గంటల పాటు ప్రసంగించి, ప్రయోగం తరువాత ప్రయోగం చూపుతూ సభను ఒప్పించారు. ఎదుటివారి ఆక్షేపణలు సరిగా వినపడని మనిషి, వాటన్నింటికీ ముందుగానే ఆధారాలు సిద్ధం చేసుకొని సభకు వెళ్ళడం విశేషం.

ఆయన గద్దింపులో కొంత పరుషత్వం ఉండేదని, ప్రతిపక్షుల తప్పులను పట్టుకోవడంలో ఆయన దయ చూపేవారు కారని ఒప్పుకోవాలి. సాక్ష్యాన్ని నమ్ముకొన్నవారికి రాజీ కష్టం.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. పర్లాకిమిడి పట్టణం, ఆ సంస్థానంలోని కొంతభాగం అందులో చేరాయి. తెలుగువారు అధికంగా ఉన్న ప్రాంతాన్ని అలా చేర్చడం న్యాయం కాదని వాదించిన వారిలో రామమూర్తిగారు ముఖ్యులు. వాదం నెగ్గలేదు. డెబ్బది రెండేళ్ళ వయస్సులో, యాభై ఆరేళ్ళు జీవించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం చేరుకొన్నారు. ఆయన చదివిన శాసనాలు, పుట్టిన పర్వతాలపేట సరిహద్దుకు ఈవలనే ఉండిపోయాయి. పాఠాలు చెప్పిన బడి, తిరిగిన సవరకొండలు చాలావరకు ఆవలికి వెళ్ళిపోయాయి.

ప్రభుత్వం 1913లో రావుబహదూర్ బిరుదును, 1934లో కైజర్-ఇ-హింద్ పతకాన్ని ఇచ్చింది. ఆయన బి.ఏ. పరీక్ష వ్రాసిననాటికి లేని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926లో ఏర్పడి, తరువాత విశాఖపట్టణపు వాల్తేరులో స్థిరపడింది. ఆ విశ్వవిద్యాలయం 1938లో ఆయనకు కళాప్రపూర్ణ బిరుదును ప్రదానం చేసింది. ఆ ప్రాంగణంలో విద్యార్థులు అప్పటికే అధ్యాపకుల ఎదుట కూర్చొని, గ్రంథాలయం అందుబాటులో ఉండగా చరిత్ర చదువుకొంటున్నారు. 1940 జనవరిలో మద్రాసులో పత్రికారచయితలతో సమావేశమై భాషను గురించే మాట్లాడారు. ఆ నెల 22వ తేదీన అక్కడే కన్నుమూశారు.