గుండ్లకమ్మ ఒడ్డున క్లౌ దొరగారు



భివండీలో మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన మన పిల్లలలో అనేకులు ఒంగోలు చూడలేదు. వారి నిమిత్తము క్లౌ దొరగారి జీవితమును మరల చెప్పుకొందము.

జాన్ ఎవరెట్ క్లౌ గారు 1836లో అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో జన్మించారు. యౌవనములో మిన్నెసోటా ప్రాంతమున భూముల సర్వే పని చేశారు. 1865లో మన దేశమునకు వచ్చి, 1866లో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న ఎనిమిదిమందితో అక్కడ సంఘము ఏర్పడినది. యెర్రగుంట్ల పేరయ్యగారి సాక్ష్యము వలన సువార్త మాదిగ పల్లెలలో వ్యాపించినది. ఆ ప్రజలు ఊరిబావిలో చేద వేయుటకు వీలులేని దినములవి.

1876లో వానలు తప్పినవి. 1878 వరకు ఘోరమైన కరువు. ప్రభుత్వము కరువు పనిగా బకింగ్‌హాము కాలువ త్రవ్వించగా, దొరగారు మూడున్నర మైళ్ల పనిని కాంట్రాక్టు తీసుకొన్నారు. పాత సర్వే విద్య అప్పుడు అక్కరకు వచ్చినది. బోధకులే మేస్త్రీలై పని చేయించారు. వేలమందికి కూలి దొరికినది, గంజి దొరికినది. అయితే కూడు కోసము కలిసిరను మాట రాకూడదని, ఆ కాలమంతా దొరగారు బాప్తిస్మములు ఆపివేశారు.

సహాయము ముగిసిన పిమ్మట కూడ జనులు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ యేటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా నీటిలో నిలిచి ఆ పని జరిగించారు. బావి దూరమైన వారికి యేరు దగ్గరైనది. దొరగారు 1910లో అమెరికాలోని రాచెస్టరులో ప్రభువునందు నిద్రించారు.

ఆ సంఖ్యను మేము బాల్యము నుండి కంఠస్థము చేశాము గాని యేటిని తలంచలేదు. పరిశుద్ధ గ్రంథములో నీరు గుర్తు మాత్రమే కాదు. హాగరు బిడ్డకు అది ప్రాణము. మారా యొద్ద అది చేదై జనులను కలవరపెట్టినది. యెహెజ్కేలు 47వ అధ్యాయములోని నది పారినచోట చేపలు, చెట్లు బ్రతికినవి.

మరి మన కామ్వారీ నది? అద్దకపు రంగునీరు, పట్టణపు మురుగు కలిసిన ఆ నీటిలో బాప్తిస్మమిచ్చుటకు మనలో ఎవరు ధైర్యము చేయగలరు? ఆ పరిశ్రమలలోనే మనవారి కూలి యున్నది గనుక ఒకరిని నిందించుట మాకు సులభము కాదు. అయితే దొరగారు కూలిని విశ్వాసముతో కలియనియ్యలేదు. మనము కూలి నిమిత్తము నీటిని విడువవచ్చునా?

ఈ నెలలో ఒక ఆదివారము సండేస్కూలు పిల్లలను కామ్వారీ ఒడ్డుకు తీసికొని వెళ్లుదము. గుండ్లకమ్మ కథ అక్కడనే చెప్పుదము. వారు అడుగు ప్రశ్నలకు పెద్దలమైన మనము జవాబు సిద్ధపరచుకొందము.