షూలెస్ జో జాక్సన్

షూలెస్ జోగా ప్రసిద్ధి చెందిన జోసెఫ్ జెఫర్సన్ జాక్సన్ (జూలై 16, 1887 - డిసెంబర్ 5, 1951) అమెరికాకు చెందిన బేస్‌బాల్ క్రీడాకారుడు. 1911లో, మేజర్ లీగ్ పోటీలలో తన తొలి పూర్తి సీజన్‌లోనే .408 బ్యాటింగ్ సగటు సాధించాడు. అమెరికన్ లీగ్‌లో కొత్త ఆటగాడు సాధించిన అత్యధిక సగటు ఇదే. 1919 నాటి వరల్డ్ సిరీస్ కుంభకోణంలో చిక్కుకొని జీవితకాల నిషేధానికి గురయ్యాడు.

బాల్యం

జాక్సన్ దక్షిణ కరొలినా రాష్ట్రంలోని పికెన్స్ కౌంటీలో ఒక పేద కుటుంబంలో జన్మించాడు. ఆ కుటుంబం తరువాత గ్రీన్‌విల్ సమీపంలోని బ్రాండన్ బట్టల మిల్లు ప్రాంతానికి తరలివెళ్ళింది. చిన్నతనంలోనే మిల్లు పనిలో చేరడం వల్ల ఇతనికి చదవడం, వ్రాయడం అబ్బలేదు. 13 ఏళ్ళ వయసులోనే మిల్లు జట్టులో స్థానం పొందాడు. 1908లో కేటీ విన్‌ను వివాహమాడాడు. ఉత్తరాలు, ఒప్పంద పత్రాలు చదవడానికి ఇతడు ఎక్కువగా భార్యపైనే ఆధారపడేవాడు.

పేరు వెనుక కథ

గ్రీన్‌విల్ జట్టుకు ఆడుతున్న రోజులలో ఒకసారి కొత్త బూట్లు కరిచి పాదాలు బొబ్బలెక్కాయి. జాక్సన్ బూట్లు విప్పి మేజోళ్ళతోనే ఆడాడు. అది చూసి ప్రేక్షకులు బూట్లు లేనివాడు అనే అర్థంలో షూలెస్ అని పిలిచారు. ఆ పేరే స్థిరపడిపోయింది.

1911 సీజన్

1908లో ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్ జట్టులో చేరినా, రెండేళ్ళలో ఆడినవి 10 మ్యాచ్‌లు మాత్రమే. 1910లో క్లీవ్‌లాండ్ జట్టుకు మారిన తరువాత ఇతని ప్రతిభ వెలుగులోకి వచ్చింది.

క్రికెట్‌లో మొత్తం పరుగులను అవుటైన సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది. బేస్‌బాల్‌లో మాత్రం హిట్ల సంఖ్యను బ్యాటింగ్ అవకాశాల సంఖ్యతో భాగిస్తారు. బంతిని కొట్టి, ప్రత్యర్థి పొరపాటు లేకుండానే బేస్ చేరుకుంటే అది హిట్. పది అవకాశాలలో మూడు హిట్లు సాధించేవాడు, అనగా సగటు .300 ఉన్నవాడు, మంచి బ్యాట్స్‌మన్‌గా పరిగణింపబడతాడు.

1911లో జాక్సన్ 571 అవకాశాలలో 233 హిట్లు సాధించాడు. అయినా ప్రథమ స్థానం దక్కలేదు. ఆ ఏడాది డెట్రాయిట్ ఆటగాడు టై కాబ్ సగటు .420. 1912లో .395, 1913లో .373 సాధించినప్పుడు కూడా జాక్సన్ కాబ్ తరువాతి స్థానంలోనే నిలిచాడు. మొత్తం క్రీడాజీవితంలో ఇతని సగటు .356 కాగా, బ్యాటింగ్ సగటులో లీగ్ అగ్రస్థానం ఒక్కసారి కూడా లభించలేదు.

1919 కుంభకోణం

1915లో జాక్సన్ షికాగో వైట్ సాక్స్ జట్టుకు మారాడు. 1917లో ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలిచింది. 1919 సిరీస్‌లో సిన్సినాటి రెడ్స్ చేతిలో ఓడిపోయింది. జూదగాళ్ళ నుండి డబ్బు తీసుకొని కావాలనే ఓడిపోయారని ఎనిమిది మంది ఆటగాళ్ళపై అభియోగం వచ్చింది. సహచరుడి ద్వారా 5,000 డాలర్లు తనకు ముట్టినట్లు 1920లో జాక్సన్ గ్రాండ్ జ్యూరీ ఎదుట అంగీకరించాడు. కానీ ఆ సిరీస్‌లో ఇతని సగటు .375. 12 హిట్లు సాధించాడు. ఫీల్డింగ్‌లో ఒక్క పొరపాటూ నమోదు కాలేదు.

1921 ఆగస్టు 2న జ్యూరీ ఆటగాళ్ళను నిర్దోషులుగా ప్రకటించింది. మరునాడే బేస్‌బాల్ కమిషనర్ కెనెసా మౌంటెన్ లాండిస్ ఎనిమిది మందినీ శాశ్వతంగా బహిష్కరించాడు. దానితో .382 సగటు సాధించిన 1920 సీజనే జాక్సన్‌కు చివరిదయింది.

చివరి జీవితం

నిషేధం తరువాత జాక్సన్ దక్షిణాది రాష్ట్రాలలో చిన్న జట్లకు ఆడాడు. సవానాలో బట్టలు శుభ్రపరిచే దుకాణం, అనంతరం గ్రీన్‌విల్‌లో మద్యం దుకాణం నడిపాడు. 1951లో గ్రీన్‌విల్‌లో గుండెపోటుతో మరణించాడు.

వివాదం

మైదానంలోని గణాంకాలే ఇతని నిర్దోషిత్వానికి నిదర్శనమని అభిమానులు వాదిస్తారు. ఆట ఎలా ఆడినా, డబ్బు తీసుకోవడమే నేరమని విమర్శకులు అంటారు. నిషేధం ఇతని రికార్డులను చెరిపివేయలేదు. కానీ నిషేధితుల జాబితాలో ఉన్నవారి పేర్లను ఎన్నికకు పరిశీలించరాదన్న 1991 నాటి నిబంధన, కూపర్స్‌టౌన్‌లోని హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఇతని ప్రవేశానికి అడ్డుగా నిలిచింది. 2025 మేలో కమిషనర్ రాబ్ మాన్‌ఫ్రెడ్ మరణించినవారి పేర్లను ఆ జాబితా నుండి తొలగించాడు. దీనితో మరణించిన 73 ఏళ్ళ తరువాత జాక్సన్ పేరు పరిశీలనకు అర్హత పొందింది.