మౌలానా ఆజాద్ గారి ఇంట్లో చెప్పకుండా ఉండిపోయిన మాట

మౌలానా అబుల్ కలాం ఆజాద్ గారి పేరు వినని ఇల్లు మనవాళ్ళలో ఉండదు. 1888లో మక్కా నగరంలో పుట్టారు. కలకత్తాలో పెరిగారు. 1912లో అల్ హిలాల్ పత్రిక పెట్టి తెల్లదొరలకు కంట్లో నలుసయ్యారు. స్వతంత్ర భారతదేశపు మొదటి విద్యామంత్రిగా ఉంటూ 1958లో కన్నుమూశారు. ఇదంతా మన పిల్లలు బడిలో చదువుకునేదే. అందుకే ఈసారి ఆయన ఇంటి లోపలి సంగతి, అంటే ఆయన బేగం జులేఖా గారి సంగతి రాయాలనుకున్నాం.

1916లో బెంగాల్ ప్రభుత్వం మౌలానాగారిని కలకత్తా విడిచి పొమ్మంది. ఆయన రాంచీ వెళ్ళారు, అక్కడే నిర్బంధంలో ఉంచారు. ఆయన బయలుదేరిన రోజు జులేఖాబేగం దుఃఖం ఆపుకోలేకపోయారు. చిన్న వయసు, భర్త ఎప్పుడొస్తాడో తెలియదు, ఎవరైనా ఏడుస్తారు. మౌలానాగారికి మాత్రం అది బలహీనతగా తోచింది. కొంతకాలం ఆమె మీద కినుకగా కూడా ఉన్నారు. ఆ ఒక్క సంఘటనతో ఆమె మారిపోయారు. ఆ తర్వాత ఆయన ముందు ఆ విధంగా బయటపడలేదు.

1921 డిసెంబరులో ఆయన్ని మళ్ళీ పట్టుకుపోయారు. ఏడాది శిక్ష పడింది. అప్పుడు ఈ బేగంగారే గాంధీజీకి కబురు పంపారు. శిక్ష తాము అనుకున్నదానికన్నా తక్కువేనని, బెంగాల్ ఖిలాఫత్ కమిటీలో భర్త చేసే పని ఇక తాను చూసుకుంటానని. పరదాలో ఉండే స్త్రీకి ఇది చిన్న మాట కాదు. 1941లో ఆయన నైనీ జైల్లో ఉండగా ఆమెకు జబ్బు చేసింది. ఆయన బెంగపడతారని ఉత్తరాల్లో ఆ మాటే ఎత్తలేదు. విడుదలై ఇంటికి వచ్చాకగాని ఆయనకు తెలియలేదు.

1942 ఆగస్టు మొదట్లో మౌలానాగారు కాంగ్రెసు అధ్యక్షులుగా బొంబాయి సభకు బయలుదేరారు. ఆమె వాకిలి దాకా వచ్చారు. వేరే ఏమీ జరక్కపోతే 13వ తేదీకల్లా వచ్చేస్తానని ఆయన చెప్పారు. ఆమె ఖుదా హాఫిజ్ అన్నారు, అంతే. కళ్ళల్లో నీరు లేదు గాని ముఖం మాత్రం ఏడుస్తున్నట్టే ఉందని ఆయన తర్వాత రాసుకున్నారు. తిరిగొచ్చే తేదీ తప్ప తాను ఇంకేమైనా అన్నట్టు మాత్రం రాసుకోలేదు.

9వ తేదీ తెల్లవారుజామున అరెస్టయ్యారు. నెహ్రూ, పటేల్ గార్లతోపాటు ఆయన్నీ అహ్మద్‌నగర్ కోటలో పెట్టారు. 1943 మార్చి ఆఖరులో బేగం పరిస్థితి బాగోలేదని తంతి వచ్చింది. ప్రభుత్వానికి ఏదైనా చెప్పుకోదలిస్తే తాను వెంటనే పంపిస్తానని జైలు అధికారి ముందుకొచ్చాడు. మౌలానాగారు ఒప్పుకోలేదు. ఏ ప్రభుత్వంతో పోరాడుతున్నారో దాని దగ్గర చెయ్యి చాచడం ఆయనకు సాధ్యం కాదు. ఇందులో మేము తప్పుపట్టడంలేదు. ఏప్రిల్ 9న మరో తంతి వచ్చింది. బేగంగారు పోయారు. జనాజాకు భర్త లేడు.

రెండు రోజుల తర్వాత ఆయన కలం పట్టారు. చిరకాల మిత్రులు, ఒకప్పుడు మన హైదరాబాదు సంస్థానంలో సద్రుస్సుదూర్‌గా పనిచేసిన హబీబుర్ రహమాన్ ఖాన్ షేర్వానీ గారి పేర జాబు రాశారు. జైలునుంచి అది పంపే వీలు లేదు. 1946లో గుబారె ఖాతిర్ అనే పుస్తకంలోనే అచ్చయింది. 1916నాటి తన కినుక, ఆమె మారిన తీరు, తన ఆశయంలో ఆమె తోడు వచ్చిన ధైర్యం, అన్నీ ఒప్పుకుని రాశారు. కోట ఆవరణలో ఎవరిదో ఒక పాత సమాధి ఉండేది. అంతవరకూ వందలసార్లు చూసిందే. ఆ రోజునుంచి దానితో ఏదో కొత్త చుట్టరికం ఏర్పడినట్టుందని కూడా రాశారు.

చదివినప్పుడల్లా మాకు ఒక్కటే తోస్తుంది. ఇంత మంచి మాట, ఇంత పెద్ద పండితుడు రాసింది, చేరవలసిన మనిషికి చేరలేదు. ప్రభుత్వాన్ని అర్థించకపోవడానికి కారణం ఉంది. వాకిట్లో నిలబడ్డ బీబీకి నీవల్లే నేనింత చేయగలిగాను అని చెప్పకపోవడానికి ఏ కారణం ఉంది? మన ఇళ్ళలోనూ ఇంతే కదా. ఈద్‌నాడు వచ్చిన అతిథి గ్లాసు అందిస్తే షుక్రియా అంటాం. సహరీకి ముందు లేచి పొయ్యి వెలిగించినామెకు అనం. అంటే ఆమె కూడా నవ్వుతుందేమో, ఈయనకు ఏమయిందీ అని. ఆయన ఒక్క కినుక ఆమె స్వభావాన్నే మార్చింది. ఒక్క మెచ్చుకోలు ఏం చేసి ఉండేదో, ఆ జబ్బు సంగతి దాచకుండా చెప్పించి ఉండేదేమో.

1945 జూన్‌లో బాంకురానుంచి విడుదలై ఆయన కలకత్తా చేరారు. హౌరా స్టేషన్లో జనం విరగబడ్డారు. కారు నిండా పూలదండలు. హౌరా వంతెన దాటుతుండగా మూడేళ్ళ కిందట వాకిట్లో నిలబడ్డ బేగం గుర్తొచ్చింది. ఇంటికి కాదు, ముందు ఆమె సమాధి దగ్గరికి పోనివ్వమన్నారు. కారులోంచి ఒక దండ తీసి సమాధి మీద ఉంచి, మౌనంగా ఫాతిహా చదివారు.